కొత్త ఫోను వస్తోందట: ఆగాలా, ఉన్నదానితో నెట్టుకురావాలా?

రాబోయే ఫోను వార్త కంటబడిన రోజు నుంచీ చేతిలో ఉన్నది పాతగా కనిపించడం మొదలవుతుంది. దానికి కొత్తగా ఏమీ కాలేదు, నిన్నటి ఫోనే అది. అందుకే కొత్తదాని గురించి ఒక్క ముక్క చదవకముందే, మీ ఫోనుతో రోజూ పడుతున్న ఇబ్బందులు కాగితం మీద రాయండి. మూడు చాలు. ‘స్లో అయిపోయింది’ అని రాస్తే లెక్కకు పనికిరాదు. ‘కొట్లో స్కానర్ తెరుచుకునేసరికి వెనక నలుగురు నిలబడుతున్నారు’, ‘మధ్యాహ్నం రెండింటికల్లా చార్జింగ్ 20 శాతానికి దిగిపోతోంది’, ‘చెరువు గట్టు మీద ఎండలో తెర కనబడటం లేదు’, ‘లంకలోకి దిగితే సిగ్నల్ పోతోంది’ అన్నట్టు రాయాలి. వచ్చే ఫోను వీటిలో కనీసం రెండింటిని తీర్చగలిగితేనే దానికోసం ఆగండి. కాగితం మీద లేని గొప్పలు ఎన్ని ఉన్నా మీ డబ్బుకు వాటితో పనిలేదు.

ముందు పాత ఫోనుకు పరీక్ష

రాసిన ఇబ్బందుల్లో చాలావరకు రెండు మూడు వేలతోనో, అసలు ఖర్చు లేకుండానో తీరేవి అయి ఉంటాయి. బ్యాటరీతో మొదలుపెట్టండి. రాత్రి పూర్తిగా చార్జ్ చేసి, ఎయిరోప్లేన్ మోడ్‌లో పెట్టి పడుకోండి. తెల్లారేసరికి మూడు నాలుగు శాతం తగ్గితే మామూలే. తర్వాత వైఫై పెట్టి, బ్రైట్‌నెస్ సగంలో ఉంచి, గంటసేపు వీడియో నడపండి. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ఫోనులో పది శాతం దాకా తగ్గడం సబబు. పదిహేను దాటిందంటే బ్యాటరీ అలిసిపోయింది. 25, 30 శాతం చూపిస్తూనే ఉన్నట్టుండి ఆరిపోతున్నా అదే జబ్బు. లోపలి నిరోధకత పెరిగిపోయి, ఫోను ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగినప్పుడు బ్యాటరీ ఇవ్వలేకపోతోంది.

రెండు పరీక్షల్లోనూ బాగానే ఉండి, మామూలుగా వాడేటప్పుడు మాత్రం చార్జింగ్ కరిగిపోతుంటే బ్యాటరీని తప్పుపట్టకండి. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట ఫోను టవర్‌ని వెతుక్కుంటూ బలంగా ప్రసారం చేస్తుంది, దానికే చార్జింగ్ ఖర్చవుతుంది. మన గోదావరి డెల్టాలో కొబ్బరితోటల మధ్య ఇళ్లలో, ఏటిగట్టు కింద ఊళ్లలో ఇది తరచూ కనిపించే విషయం. ఆ ఇంట్లో కొత్త ఫోను కూడా త్వరగానే ఖాళీ అవుతుంది.

ఐఫోనులో సెట్టింగ్స్‌లోని బ్యాటరీ హెల్త్ దగ్గర శాతం కనిపిస్తుంది. ఐఫోన్ 14 వరకు బ్యాటరీలు 500 సార్లు పూర్తి చార్జింగ్ తర్వాత, ఐఫోన్ 15 నుంచి 1000 సార్ల తర్వాత 80 శాతం సామర్థ్యం నిలబెట్టేలా తయారయ్యాయని ఆపిల్ చెబుతుంది. శాంసంగ్‌లో మెంబర్స్ యాప్ తెరిచి డయాగ్నస్టిక్స్‌లో బ్యాటరీ స్థితి చూడొచ్చు. 80 కిందికి వచ్చిందంటే మార్చాల్సింది బ్యాటరీ, ఫోను కాదు. మధ్యరకం ఆండ్రాయిడ్ ఫోన్లకు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఈ పని సాధారణంగా రెండు మూడు వేల రూపాయల్లో అయిపోతుంది. వెనక మూత తీసి బిగించేటప్పుడు జిగురు పట్టీ కొత్తది వేయమని అడగండి. పాతదాన్నే అదిమి పెడితే ఆ రోజు నుంచి ఫోనుకు నీటి రక్షణ పోయినట్టే. తెర అంచుకీ ఫ్రేముకీ మధ్య గోరు దూరేంత సందు కనిపిస్తే మాత్రం బ్యాటరీ ఉబ్బిందని అర్థం. చార్జింగ్ పెట్టడం ఆపేసి, అదే రోజు తీసుకెళ్లండి.

నెమ్మదించిన ఫోనుకు ముందు చూడాల్సింది ఖాళీ జాగా. 128 జీబీలో 115 నిండితే ఎంత మంచి చిప్ ఉన్నా నత్తనడకే. ఫ్లాష్ మెమరీ కొత్తది రాయాలంటే ఖాళీ గదులు కావాలి, లేకపోతే ఉన్నవి అటూ ఇటూ సర్దుకుంటూ కూర్చుంటుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ తెరవండి. 5 ఎంబీ దాటిన ఫైళ్లు ఒకచోట కనబడతాయి. పెళ్లి వీడియోలు, గ్రూపుల్లో వచ్చిన ఫార్వర్డులు అక్కడే గుట్టగా ఉంటాయి. మొత్తం జాగాలో ఐదో వంతు ఖాళీ చేసి, ఫోను ఆపి ఆన్ చేసి, రెండు రోజులు వాడి చూడండి.

చార్జింగ్ సరిగ్గా ఎక్కకపోతే పోర్టులోకి టార్చి వేసి చూడండి. సీ టైప్ రంధ్రం మధ్యలో సన్నటి నాలుక ఉంటుంది, దానికి రెండు వైపులా పన్నెండేసి పిన్నులు. జేబులో నూలుపీచు అడుగున గట్టిపడితే కేబుల్ పూర్తిగా దిగదు, టక్కుమని బిగుసుకోదు. ఫోను ఆపేసి చెక్క పుల్లతో మెల్లగా తీస్తే పోతుంది. పిన్నుల మీద పచ్చటి పొడి కనిపిస్తే అది రాగికి పట్టిన తుప్పు. తడిగా ఉండగానే చార్జర్ పెట్టిన ఫోన్లలో కరెంటు మోసే పిన్నులు ముందుగా ఇలా తినేయబడతాయి, నీళ్లలో ఉప్పు ఉంటే మరీ త్వరగా. ఇక్కడి షాపుల్లో ‘చార్జింగ్ పిన్ పోయింది’ అనేది దీన్నే. చాలా మోడళ్లలో ఆ పోర్టు కింద చిన్న బోర్డులాగా విడిగా ఉంటుంది. అదొక్కటి మార్పిస్తే సరి.

మరమ్మతుతో తీరని లోటు ఒకటుంది. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ తెరిచి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. అది ఏడాది దాటి ఉండి, కంపెనీ ఇక ఇవ్వదని తేలి, అదే ఫోనులో మీ బ్యాంకు యాప్, యూపీఐ నడుస్తుంటే ఫోను మార్చడానికి ఆ ఒక్క కారణం చాలు.

లీకుల్లో ఏది పట్టుకోవాలి, ఏది వదిలేయాలి

ఫోను విడుదలకు ముందు వచ్చే సమాచారానికి ఒక వరస ఉంది. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ జాబితాలో మోడల్ నంబరు కనబడితే ఆ ఫోను ఇండియాకు వచ్చే అవకాశం గట్టిగా ఉందని అర్థం. అంతకుమించి ధర గానీ కెమెరా గానీ అందులో ఉండవు. చైనా అనుమతుల జాబితా టెనాలో ఫోను ఫొటోలు, కొలతలు, బ్యాటరీ ఉంటాయి. అక్కడిదే మరో అనుమతుల జాబితా 3సీలో చార్జర్ వాట్లు ఉంటాయి. ఇవి నిజమైన పత్రాలే, కానీ చైనాలో అమ్మే ఫోనుకు సంబంధించినవి. రియల్‌మీ జీటీ 7 ప్రో చైనాలో 6500 ఎంఏహెచ్ బ్యాటరీతో వచ్చింది, ఇండియాలో 5800తో వచ్చింది. ఐకూ 13కి అక్కడ 6150, ఇక్కడ 6000. కాబట్టి చైనా విడుదల చూసి బ్యాటరీ మీద ఆశ పెట్టుకోకండి. ఫ్లిప్‌కార్ట్‌లో, అమెజాన్‌లో కంపెనీ తానే పెట్టే ప్రచార పేజీ వచ్చాకే దాన్ని ఇండియా ఫోను లెక్కగా తీసుకోవాలి.

ఆ పేజీలో చెప్పినదాని కంటే చెప్పనిదాన్ని చూడండి. ‘50 మెగాపిక్సెల్ సోనీ కెమెరా’ అని పెద్ద అక్షరాలతో వేసి రెండో కెమెరా ఊసెత్తకపోతే అది 2 మెగాపిక్సెల్ అలంకారమని అనుకోవచ్చు. ‘నాలుగేళ్లు సాఫీగా నడుస్తుంది’ అన్నది అప్‌డేట్ హామీ కాదు. ఆండ్రాయిడ్ వెర్షన్లు ఎన్ని, సెక్యూరిటీ ప్యాచ్‌లు ఎన్నేళ్లు అని అంకెల్లో ఉండాలి. ‘మిలిటరీ గ్రేడ్’ అన్నది ఐపీ రేటింగ్ (దుమ్ము, నీళ్లు ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత) కాదు. ‘16 జీబీ ర్యామ్’ పక్కన చిన్న అక్షరాల్లో 8 కలిపి 8 అని ఉంటే అసలు ర్యామ్ ఎనిమిదే. మిగతా ఎనిమిదీ స్టోరేజీ నుంచి అరువు తెచ్చింది, నిజమైన ర్యామ్ వేగంలో దానికి పదో వంతు కూడా ఉండదు.

చిప్ పేరులో అంకె పెరిగితే చిప్ కొత్తదని అనుకోవద్దు. డైమెన్సిటీ 7050 అనేది 1080కి పెట్టిన కొత్త పేరు. 6080 అంటే పాత 810, 6020 అంటే పాత 700. పేరు చూసి సరిపెట్టుకోకుండా చిప్ ఏ సంవత్సరానిదో, ఎన్ని నానోమీటర్లదో (తక్కువైతే మెరుగు) వెతకండి. స్టోరేజీ ఏ రకమో కూడా అడగాలి. యూఎఫ్‌ఎస్ 2.2 కన్నా 3.1 స్పష్టంగా వేగం. పదిహేను వేలు దాటిన ఫోనులో ఇంకా ఈఎంఎంసీ (పాత, నెమ్మది రకం స్టోరేజీ) ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి.

ఇంకో విషయం: 2025 చివర్నుంచి మెమరీ చిప్పుల ధరలు బాగా పెరిగాయి, ఏఐ డేటా సెంటర్లు వాటిని ఎగరేసుకుపోతున్నాయి కాబట్టి. దాంతో ‘ఆగితే తగ్గుతుంది’ అనే పాత నమ్మకం ఇప్పుడు ప్రతిసారీ నిలవదు. వచ్చే మోడల్ అదే ధరకు తక్కువ ర్యామ్‌తో రావచ్చు, లేదా అదే ర్యామ్‌కు ధర పెరగొచ్చు. ఇప్పుడున్న మోడల్‌లో 8 జీబీ, 256 జీబీ రకం మంచి ధరకు దొరుకుతుంటే ఆగడం వల్ల నష్టం కూడా ఉండొచ్చని లెక్కలో వేసుకోండి.

ఉప్పునీళ్లు, ఎండ, సిగ్నల్

సమీక్షలు చేసేవాళ్లు ఎక్కువగా పెద్ద నగరాల్లో, ఏసీ గదుల్లో ఫోను పరీక్షిస్తారు. డెల్టాలో ఫోను పడే పాట్లు వేరు. ఇక్కడ మూడు నాలుగు విషయాలు కెమెరా మెగాపిక్సెళ్ల కంటే ముందు చూడాలి.

మొదటిది నీళ్లు. ఐపీ67 అంటే మీటరు లోతు మంచినీటిలో అరగంట తట్టుకోవాలి. ఐపీ68 అంటే మీటరు దాటి, కంపెనీ చెప్పిన లోతులో, చెప్పినంతసేపు. ఐపీ69 అంటే ఒత్తిడితో కొట్టే వేడినీటి ధారను తట్టుకోవాలి. ఈ పరీక్షలన్నీ మంచినీటితోనే. రొయ్యల చెరువు నీళ్లకు గానీ అంతర్వేది, ఓడలరేవు తీరంలో సముద్రపు నీళ్లకు గానీ ఏ రేటింగూ పూచీ కాదు. పైగా ఆ రబ్బరు సీళ్లు, జిగురు ఏళ్లు గడిచేకొద్దీ వదులవుతాయి. నీళ్లు దూరిన ఫోనుకు వారంటీ వర్తించదని దాదాపు అన్ని కంపెనీల షరతుల్లోనూ ఉంటుంది. చాలా ఫోన్లలో సిమ్ ట్రే దగ్గర ఉండే తెల్లటి చుక్క తడి తగిలితే ఎర్రబడుతుంది, సర్వీస్ సెంటర్‌లో ముందు చూసేది దాన్నే.

చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) చూసేటప్పుడు చెరువులో పడుతుందన్న భయంతోనే ఐపీ68 ఫోనుకు మారాలనుకుంటే ఆ మార్పు అవసరం లేదు. మెడలో వేలాడే నీళ్లు చొరబడని పౌచ్ కొంచెం డబ్బుకే వస్తుంది, ఉప్పునీటి విషయంలో ఐపీ68 కంటే అదే నయం. ఒకవేళ ఐపీ రేటింగ్ ఉన్న ఫోను ఉప్పునీళ్లలో పడితే వెంటనే ఆపేసి, కుళాయి నీళ్లతో మెల్లగా కడగండి. ఉప్పు లోపల ఎండిపోతే తుప్పు ఆగదు. తర్వాత పొడిబట్టతో తుడిచి, పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని అరచేతికి మెల్లగా తట్టి, ఫ్యాను గాలికి పెట్టండి. ఒక రోజు దాకా చార్జర్ జోలికి పోవద్దు. బియ్యం డబ్బాలో పెట్టడం మన ఇళ్లలో అలవాటు. బియ్యపు నూక, తవుడు పోర్టులో చేరి కొత్త సమస్య తెస్తాయి. ఆపిల్ కూడా బియ్యంలో పెట్టొద్దనే చెబుతోంది.

తర్వాత ఎండ. ప్రకటనల్లో ‘4500 నిట్స్’ అనేది తెరలో చిన్న ముక్క మీద, హెచ్‌డీఆర్ వీడియోలో, కాసేపు వచ్చే వెలుగు. మీకు కావాల్సింది తెర మొత్తం ఎండలో ఎంత వెలుగుతుందన్నది. దాన్ని హెచ్‌బీఎం అని వేస్తారు. 1000 నుంచి 1200 నిట్స్ ఉంటే మధ్యాహ్నం గట్టు మీద మెసేజ్ చదవొచ్చు. 500, 600 నిట్స్ ఎల్‌సీడీ తెర అయితే చేయి అడ్డం పెట్టుకోవాల్సిందే. మీకు నచ్చిన కంపెనీ ఇప్పటి మోడల్‌ని షాపులో అడిగి, మిట్టమధ్యాహ్నం రోడ్డు మీదికి తెచ్చి చూడండి. మంచి షాపువాళ్లు కాదనరు.

ఎండతో పాటే వేడి. ఐఫోన్ వాడటానికి తగిన పరిసరాల వేడి 0 నుంచి 35 డిగ్రీలని ఆపిల్ రాస్తుంది. మే నెలలో రాజమహేంద్రవరంలో 40 దాటడం ఎవరికీ వింత కాదు. వేడెక్కిన ఫోను ముందు తెర వెలుగు తగ్గిస్తుంది, ఆపైన చిప్ వేగం తగ్గిస్తుంది, చార్జింగ్ ఆపేస్తుంది. అందువల్ల రాబోయే ఫోను సమీక్షల్లో మొదటి స్కోరు చూడకండి. ఇరవై, ముప్పై నిమిషాల స్ట్రెస్ టెస్ట్ (ఆపకుండా పూర్తి శ్రమ పెట్టే పరీక్ష) తర్వాత ఎంత శాతం వేగం మిగిలిందో చూడండి. ఏసీ గదిలోనే అది 60 శాతానికి పడిపోతే మన వేసవిలో ఇంకా పడుతుంది. బండి హ్యాండిల్‌కి ఫోను బిగించే అలవాటుంటే ఇదీ గుర్తుంచుకోండి: ఇంజను అదురుడు ఓఐఎస్ (చేయి వణికినా ఫొటో చెదరకుండా చూసే ఏర్పాటు) ఉన్న కెమెరాలను పాడుచేయగలదని ఆపిల్ 2021లోనే హెచ్చరించింది.

సిగ్నల్ సంగతి కొంచెం ఓపిగ్గా చూడాలి, ఎందుకంటే ఫోను మార్చినా తీరని ఇబ్బంది తరచూ ఇదే. సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్ దగ్గర సిగ్నల్ బలం చూపే డీబీఎం అంకె ఉంటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో *#*#4636#*#* కొట్టినా వస్తుంది. 4జీలో మైనస్ 90 గానీ, అంతకంటే సున్నాకు దగ్గరగా గానీ ఉంటే బాగుంది, మైనస్ 110 దాటితే బలహీనం, మైనస్ 120 దగ్గర కాల్ నిలవదు. ఇబ్బంది వచ్చే చోటే, ఇంట్లో మంచం దగ్గరో, మోటారు షెడ్డు దగ్గరో నిలబడి ఆ అంకె రాసుకోండి. తర్వాత మీ సిమ్ తీసి వేరే కంపెనీ ఫోనున్న చుట్టాల ఫోనులో వేసి, అదే చోట చూడండి. అందులోనూ మైనస్ 115 వస్తే లోపం టవర్ దూరంలో ఉంది, ఏ కొత్త ఫోనూ దాన్ని తీర్చలేదు. నెట్‌వర్క్ మార్చుకోవడమో, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే వైఫై కాలింగ్ పెట్టుకోవడమో దారి. రెండో ఫోనులో పది పాయింట్లు మెరుగ్గా కనిపిస్తే అప్పుడు ఫోను మార్పుకు అర్థం ఉంది.

కొత్త ఫోను స్పెక్స్ పేజీలో నెట్‌వర్క్ బ్యాండ్లు చివరన ఉంటాయి, చాలామంది అక్కడిదాకా పోరు. జియో 5జీకి ఎన్28, ఎన్78 రెండూ, ఎస్‌ఏ (4జీ ఆసరా లేకుండా నడిచే 5జీ) మద్దతూ ఉండాలి. ఎన్28 అంటే 700 మెగాహెర్ట్జ్. తక్కువ పౌనఃపున్యం కాబట్టి దూరం పోతుంది, గోడలు దాటుతుంది, చెట్ల మధ్య కొంత నిలబడుతుంది. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ కూడా 700, 2100 మెగాహెర్ట్జ్‌ల మీద నడుస్తుంది, కాబట్టి ఆ సిమ్ ఉన్నవాళ్లు 4జీ బ్యాండ్లలో బీ28, బీ1 ఉన్నాయో లేదో చూసుకోవాలి.

తుఫాను రోజులకని 7000 ఎంఏహెచ్ ఫోనుల వైపు చూసేవాళ్లున్నారు. సిలికాన్ కార్బన్ బ్యాటరీల వల్ల బరువు పెరగకుండా అంత సామర్థ్యం నిజంగానే వస్తోంది, మెచ్చుకోవాల్సిన మార్పు. కానీ ఆ ఒక్క కారణంతో మారనక్కర్లేదు. 10000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌లో వోల్టేజీ మార్పిడి నష్టం పోగా ఫోనుకు ఆరువేల దాకా చేరుతుంది. కరెంటు రెండు మూడు రోజులు రాకపోయినా కాల్స్‌కి ఇబ్బంది ఉండదు.

సర్వీస్ సెంటర్ ఎంత దూరం

కంపెనీ సైట్‌లో మీ పిన్‌కోడ్ కొట్టి, దగ్గరి అధీకృత సర్వీస్ సెంటర్ ఎక్కడుందో చూడండి. కొన్ని కంపెనీలకు భీమవరంలోనో కాకినాడలోనో ఉంటుంది, కొన్నిటికి రాజమహేంద్రవరం పోవాలి. సఖినేటిపల్లి నుంచి పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద గోదావరి దాటి నరసాపురం వచ్చి, అక్కడి నుంచి ఇంకో బస్సెక్కాలంటే ఒక చిన్న మరమ్మతుకు రెండు రోజుల పని పోతుంది. సెంటర్‌కి ఫోన్ చేసి, మీరు చూస్తున్న ఫోనుకి ముందు మోడల్ పేరు చెప్పి, దాని డిస్‌ప్లే ధర, అది స్టాకులో ఉంటుందా, ఎన్ని రోజులు పడుతుందో అడగండి. కొత్తదానికీ ఇంచుమించు అంతే ఉంటుంది. వంపు తిరిగిన అమోలెడ్ తెరలు చాలా మోడళ్లలో ఫోను ధరలో మూడో వంతు దాకా పడతాయి. చదును తెర ఉన్న ఫోను కొంటే టెంపర్డ్ గ్లాస్ ఏ ఊళ్లోనైనా వేయించుకోవచ్చు. విడుదలైన వెంటనే కొంటే కవర్లు, గ్లాసులు చిన్న ఊళ్లకు చేరడానికి కొన్ని వారాలు పడుతుంది. అన్నాళ్లూ ఫోను ఒట్టి తెరతోనే ఉంటుంది.

గల్ఫ్ నుంచి తెప్పించుకునేవాళ్లకు

కోనసీమలో కువైట్, దుబాయ్, మస్కట్‌లలో మనిషి లేని వీధి అరుదు. ‘వచ్చేటప్పుడు కొత్త ఐఫోన్ తీసుకురా అన్నయ్యా’ అని చెప్పే ముందు ఒక మాట. ఐఫోన్ 17 వరుస యూఏఈ, కువైట్, ఒమన్, ఖతార్, బహ్రెయిన్, సౌదీలలో సిమ్ ట్రే లేకుండా, ఈసిమ్‌తో (ఫోనులోనే ఉండే, బయటికి తీయలేని సిమ్) మాత్రమే అమ్ముతున్నారు. అదే ఫోను ఇండియాలో ఒక నానో సిమ్, ఈసిమ్‌తో దొరుకుతుంది. జియో, ఎయిర్‌టెల్, వీఐ ఈసిమ్ ఇస్తాయి కాబట్టి గల్ఫ్ ఫోను పనిచేయదని కాదు. కానీ ఫోను పాడైన రోజున సిమ్ తీసి వేరే ఫోనులో వేసుకునే వీలుండదు. అమ్మానాన్నల కోసం తెప్పిస్తుంటే అది పెద్ద ఇబ్బందే. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం. బిల్లు మీద ఆ షరతు చదివి, ఇక్కడి ధరతో తేడా కనీసం ఒక డిస్‌ప్లే ఖరీదంత ఉంటేనే తెప్పించుకోవాలని మా సలహా.

డబ్బు లెక్క

ధర చూసి కాదు, నెలకు ఎంత పడుతుందో చూసి తేల్చాలి. ఒక ఉదాహరణ వేద్దాం. మీ పాత ఫోనుకు ఇప్పుడు ఎక్స్‌చేంజ్‌లో 6,000 వస్తుంది. 2,400 పెట్టి బ్యాటరీ మార్పించి ఇంకో 18 నెలలు వాడితే అప్పటికి దాని విలువ 2,500 అవుతుందనుకోండి. బ్యాటరీ 2,400, తగ్గిన విలువ 3,500, మొత్తం 5,900. నెలకు సుమారు 328 రూపాయలు. రాబోయే ఫోను 26,000, నాలుగేళ్ల అప్‌డేట్లు, చివర్లో అమ్మితే 4,000. అంటే 22,000ని 48 నెలలకు పంచితే నెలకు 458. నిరుటి మోడల్ 21,000కి దిగింది, కానీ దానికి అప్‌డేట్లు మూడేళ్లే మిగిలాయి, చివర్లో 3,500 వస్తుంది. 17,500ని 36తో భాగిస్తే నెలకు 486. ధర ఐదు వేలు తక్కువైనా నెల ఖర్చు ఎక్కువ పడుతోంది. ఈ లెక్కలో నిరుటి మోడల్ 20,000 కంటే కిందికి దిగితేనే గెలుస్తుంది. మీ అంకెలు వేసుకుని ఆ గీత ఎక్కడుందో ముందే రాసిపెట్టుకుంటే పండగ ఆఫర్ల హడావిడిలో తడబడరు.

అప్‌డేట్ల గడువు మీరు కొన్న రోజు నుంచి కాదు, మోడల్ విడుదలైన రోజు నుంచి లెక్కిస్తారు. గెలాక్సీ ఎస్24కి శాంసంగ్ ఏడేళ్లు చెప్పింది, అది 2024 జనవరి నుంచి. 2026లో కొన్నవాళ్లకు మిగిలేది ఐదేళ్లే. అయినా అది మంచి గడువే, చాలా మధ్యరకం కొత్త ఫోన్లకు అంత ఉండదు.

కొత్తది రావడం వల్ల వచ్చే పెద్ద లాభం చాలాసార్లు పాతది తగ్గడమే. ఐఫోన్ 16 వచ్చిన 2024 సెప్టెంబరులో ఐఫోన్ 15 ధర 79,900 నుంచి 69,900కి దిగింది. మరుసటి ఏడు 17 వచ్చినప్పుడు 16 కూడా అలాగే దిగింది. శాంసంగ్ ఎస్ వరుస మామూలుగా జనవరి, ఫిబ్రవరి నెలల్లో వస్తుంది, అంటే డిసెంబరులో ఆ ఏడాది ఎస్ కొనడం తొందరపాటు. విడుదల తేదీ ఆరు వారాల్లోపు ఉంటేనే ఆగండి. తేదీ లేని పుకారు కోసం ఆగితే ఆర్నెల్లయినా గడవొచ్చు. విడుదలయ్యాక కూడా ఓ నెల ఆగితే మొదటి సాఫ్ట్‌వేర్ దోషాలు సర్దుకుంటాయి, వాడినవాళ్ల మాటలు తెలుస్తాయి.

ఇక్కడ డబ్బు చేతికొచ్చే కాలం విడుదల తేదీలను బట్టి ఉండదు. దాళ్వా ధాన్యం డబ్బు వేసవిలో, సార్వాది సంక్రాంతి ముందు, రొయ్యలది పట్టుబడి అయ్యాక. చేతిలో డబ్బు లేనప్పుడు వచ్చిన ఆఫర్ కోసం అప్పు చేస్తే ఆ వడ్డీ ఆఫర్‌ని తినేస్తుంది. ‘నో కాస్ట్ ఈఎంఐ’లో కూడా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. అవి కలిపి చూడండి. ప్రకటనలో ‘ఎఫెక్టివ్ ధర’ అని ఉంటే కార్డు తగ్గింపు, ఎక్స్‌చేంజ్ బోనస్ తీసేసి, నగదు ఇస్తే ఎంతో అడగండి. పోల్చాల్సింది ఆ అంకెనే.

కొన్న రోజు

డబ్బా కౌంటర్ దగ్గరే తెరిపించండి. *#06# కొట్టి వచ్చిన ఐఎంఈఐ (ఫోను గుర్తింపు నంబరు), డబ్బా మీద, బిల్లు మీద ఉన్నదీ ఒకటేనా చూడండి. కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి ఆ నంబరు రాసి 14422కి మెసేజ్ పంపితే ఫోను వివరాలు వస్తాయి. సెకండ్ హ్యాండ్ ఫోనుకైతే ఇది తప్పకుండా చేయాలి. తెల్లటి బొమ్మ, బూడిదరంగు బొమ్మ పెట్టి తెరలో మచ్చలు, గీతలు ఉన్నాయేమో చూడండి. రెండు సిమ్‌లూ వేసి ఒక్కో కాల్ చేయండి. పాడైన ఫోను మార్పిచ్చే గడువు ఎన్ని రోజులో బిల్లు మీద రాయించుకుని, ఆ రోజుల్లో గట్టిగా వాడండి: ఎండలో కెమెరా, గంటసేపు వీడియో కాల్, రాత్రి చార్జింగ్.

కొత్త ఫోనులో యూపీఐ మొదలుపెట్టాక తొలి 24 గంటలు బ్యాంకులు పంపే పరిమితిని తక్కువగా ఉంచుతాయి. మేత బిల్లు, కూలీల డబ్బు, సంఘం చీటీ కట్టాల్సిన రోజున ఫోను మార్చకండి. పాత ఫోనును వెంటనే ఎక్స్‌చేంజ్‌కి ఇచ్చేయాల్సి వస్తే ముందురోజే వాట్సాప్ బ్యాకప్ తీసి, ఫొటోలు దించుకుని, గూగుల్ ఖాతా తొలగించి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఖాతా తీయకుండా రీసెట్ చేస్తే ఫోను ఆ ఖాతా పాస్‌వర్డ్ అడుగుతూ బిగుసుకోవచ్చు, అప్పుడు తీసుకునేవాడు ధర తగ్గిస్తాడు. వీలుంటే ఎక్స్‌చేంజ్ పికప్‌ని వారం తర్వాతికి పెట్టుకుని, బ్యాంకు యాప్‌లన్నీ కొత్తదాంట్లో ఒక్కోసారైనా తెరిచాకే పాతదాన్ని ఇవ్వండి.